మడ్డితో పోసిన పడవ

లోకంలో చమురు మండించడం మానేసి ముప్పై ఏళ్లయింది. ఓడలరేవు బావుల్లోంచి ఇప్పుడు చమురు తోడేది అందులోని నల్ల మడ్డి కోసమే. ఒత్తిడి తగ్గిస్తే మడ్డి చమురులోంచి విడిపోయి గట్టిపడుతుంది. దాన్ని కరిగించి పడవలు పోత పోస్తారు.

బావి నడిపే నాగరత్నం ఆ ఉదయం చెల్లెలు భూలోకమ్మ కోసం పడవ పోస్తోంది. పదేళ్లు పరాయి పడవల్లో కూలికి చేపల వేటకెళ్లిన భూలోకమ్మకి ఇదే మొదటి సొంత పడవ. మధ్యాహ్నం పోటుకి నీళ్లలో దించాలి. అడుగుభాగానికి ఇంకో బస్తా మడ్డి కావాలి.

తొందరలో నాగరత్నం ఒత్తిడి ఒక్కసారిగా తగ్గించేసింది. మడ్డి తొట్టెదాకా రాకుండా గొట్టంలోనే పేరుకుపోయింది. చమురు ఆగిపోయింది.

"ఇయ్యాల్టికి ఇంతేనా అక్కా?" అంది భూలోకమ్మ నీరసంగా.

నాగరత్నం మామగారు అప్పన్న వచ్చి గొట్టం తట్టి చూశాడు. చమురు మండించే రోజుల్లో, గొట్టాలకి అడ్డుపడే మడ్డిని గీకి పారేయడమే ఆయన ఉద్యోగం.

"ఒత్తిడి మళ్లీ పెంచమ్మాయ్. చమురే దాన్ని కలిపేసుకుంటాది. తర్వాత మెల్లిగా దించు," అన్నాడు.

గంటకి గొట్టంలో అడ్డు వదిలింది. నాగరత్నం ఈసారి కొద్దికొద్దిగా ఒత్తిడి దించింది. మడ్డి నువ్వుల్లా తొట్టెలోకి రాలింది. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు వాటేసుకున్నారు.

అడుగు పోత పూర్తయి, పోటుకి పడవ తేలింది. భూలోకమ్మ ముందుగా అప్పన్ననే చెయ్యి పట్టి ఎక్కించి, రేవులో ఒక చుట్టు తిప్పింది.

"ఈ మడ్డిని ఇరవయ్యేళ్లు తిట్టుకుంటా గీకానే," అన్నాడాయన, పడవ అంచు నిమురుతూ. "ఇంకో చుట్టు తిప్పు."