శేషగిరి చచ్చిన మంగళవారం

“శేషగిరిని నేనే చంపేసినా మామా. వీళ్లిద్దరికీ ఒక్క మాట చెప్పకుండా చంపినా. అదే ఇప్పుడు గొడవ.”

ప్రత్యూష వచ్చి కూర్చుంటూనే అన్న మాట అది. రామాంజనేయులు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. లేచి వెళ్లి తలుపు గడియ వేశాడు. కిటికీ రెక్కలు కూడా మూశాడు.

ఆయన ప్రత్యూషకు మేనమామ, జమ్మలమడుగులో పేరున్న వకీలు. చుట్టాల్లో ఏ తగువొచ్చినా ఆయన ముందు పెడితే ఏదో ఒక దారి చూపిస్తాడని నమ్మకం. ఆ నమ్మకంతోనే పులివెందుల నుంచి ప్రత్యూష, ప్రొద్దుటూరు నుంచి నౌషీన్, ఈ ఊళ్లోనే బట్టలంగడి నడిపే వెంకటసాయి ఆ ఆదివారం ఆయన గదిలో చేరారు.

ముగ్గురినీ కలిపింది ‘నాలుగో వాకిలి’ అనే టీవీ సీరియల్. అది అర్ధాంతరంగా ఆగిపోయింది. ఊరుకోలేక, అందులోని మనుషుల్నే తమ ఊళ్లకు తెచ్చుకుని, తలా ఒక భాగం రాస్తూ నెట్లో పెడుతున్నారు. శేషగిరి అందులో విలన్. వాడంటే ముగ్గురికీ ప్రాణం. అలాంటివాణ్ణి ప్రత్యూష చంపేసరికి స్నేహమే తెగేదాకా వచ్చింది. ఇంక కలిసి రాయాలంటే కట్టుబాట్లు ఉండాల్సిందే అనుకున్నారు.

“ఎట్ల చంపినావు?” రామాంజనేయులు గొంతు తగ్గించి అడిగాడు.

“చీనీచెట్లకు కొట్టే మందు మజ్జిగలో కలిపిచ్చినా. మంగళవారం తెల్లారుతూనే.”

“అదే కుదరదంటాండా సార్,” వెంకటసాయి అందుకున్నాడు. “మంగళవారం సాయంత్రం ఆ మనిషిని ఈడ బస్సెక్కించింది నేను. తెల్లారి చచ్చినోడు సాయంత్రం బస్సెట్లెక్కుతాడు?”

“ఆ పొద్దే ప్రొద్దుటూరులో బంగారం కూడా కొన్న్యాడు,” అంది నౌషీన్. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఆయనకు పెండ్లి చేయాలని నేనెంత ఆశ పెట్టుకున్యానో ఈమెకు తెలుసు సార్. తెలిసీ చంపింది.”

రామాంజనేయులు ఆమె వైపు జాలిగా చూశాడు. “ఏడవద్దమ్మా. పోయినోడు తిరిగి రాడు గదా.”

“రప్పించొచ్చు సార్! చావలేదు, ఊరికే సొమ్మసిల్లినాడని చెప్తే సరిపోతుంది.”

“వద్దు. అట్లాంటి మాట ఎవరూ నమ్మరు. చచ్చినోడు చచ్చినట్లే. మిగతాదే మనం సర్దుకోవల్ల.”

తలుపు చప్పుడైంది. ఆయన భార్య భాగ్యలక్ష్మి బొరుగుల ఉగ్గాని తెచ్చింది.

“గడప కాడ పెట్టిపో,” లోపల్నుంచే అరిచాడు. “ఎవరొచ్చినా నేను ఇంట్లో లేనని చెప్పు.”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమ పనిని ఇంత గౌరవించిన పెద్దమనిషి వాళ్లకు ఇంతవరకూ తగల్లేదు.

“ఇది ఇంకెవరికి తెలుసు?”

“గ్రూపులో పెట్టేసినా గదా మామా. వేలమంది చూసినారు.”

ఆయన చెంబెత్తి నీళ్లన్నీ గటగటా తాగేశాడు. “వేలమందా! నీ పేరుతోనే పెట్టినావా?”

“లేదు, మారుపేరుతో.”

“బతికించినావు తల్లీ. వాళ్లేమంటాండారు?”

“సగం మంది తిట్టినారు. సగం మంది మంచి పని చేసినావన్యారు.”

“అంత చెడ్డోడా?”

“శానా చెడ్డోడు సార్,” కళ్లు తుడుచుకుంటూ నౌషీనే ఒప్పుకుంది. “ఆస్తి కోసం సొంత అన్ననే బావిలో తోసినాడు. కానీ నవ్వితే బాగుంటాడు.”

రామాంజనేయులు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. వెంకటసాయి రాసుకోడానికి పెన్ను తీశాడు.

“లోపల పెట్టప్పా అది! ఒక్క అక్షరం కాగితం మీదికి రాకూడదు. నోటికి పట్టుకోండి. పాపా, ముందు నువ్వు పెట్టింది తీసెయ్. ఆ మనిషి పొద్దున ప్రొద్దుటూరులో బంగారం కొన్న్యాడు. సాయంత్రం ఈడ పులివెందుల బస్సెక్కినాడు. తొండూరు దాటేసరికి చీకటి పడింది. మజ్జిగ తాగింది ఆ తర్వాత. ముగ్గురి మాటా నిలబడ్తుంది.”

ప్రత్యూష నోరు తెరిచింది. అన్ని రోజులు ఫోన్లలో కొట్టుకున్న చిక్కు ఇట్టే విడిపోయింది.

“ఇంక మీదట ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు కాదనకూడదు. కొత్త మనిషిని లోపలికి తేవాలంటే ముగ్గురూ ఒప్పుకోవల్ల.”

“పెద్దముడియం దావూద్‌ను తెద్దామనుకున్యా సార్, అంతా దూరం నుంచి చూసినట్లు,” అన్నాడు వెంకటసాయి, తను అల్లుకున్న కొత్త పాత్రను తలుచుకుని.

“వద్దే వద్దు! చూసినోడనేవాడే ఉండకూడదు. ఇంకోటి. ఆకాశం ఎట్లుంది, ఏ పిట్ట కూసింది, ఇవన్నీ అనవసరం. ఎంత కావల్నో అంతే చెప్పండి.”

ప్రత్యూష తల దించుకుంది. వెన్నెల వర్ణన మొదలుపెడితే ఆమె ఒక పట్టాన వదలదు.

“చంపిందెవరనేది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ బయటపడకూడదు.”

“అసలు పట్టు అదే గదా సార్!” వెంకటసాయి తొడ చరిచాడు. “అందరూ తలలు బద్దలుకొట్టుకోవల్ల!”

నౌషీన్ నెమ్మదిగా ప్రత్యూష చెయ్యి పట్టుకుంది. “పోనీలే. పెండ్లి ఎట్లా లేకపాయె. ఆ బంగారం సంగతన్నా నాకిడిసిపెట్టు.”

“నీకేలే, తీసుకో.”

“ఆ మాట నేను విన్లేదు,” అన్నాడు రామాంజనేయులు గోడ వైపు తిరిగి.

చల్లారిన ఉగ్గాని నలుగురూ కూర్చుని తిన్నారు. వారం నుంచి కొట్లాడుకుంటున్న ఆడపిల్లలిద్దరూ ఒకే ప్లేట్లో చేతులు పెట్టి నవ్వుకున్నారు.

“నువ్వు లేకుంటే ఈ పొద్దుతో విడిపోయేవాళ్లం మామా,” అంది ప్రత్యూష.

“చెల్లెలి బిడ్డవు. నిన్నెట్ల వదిలేస్తా?” ఆయన ఆమె తల నిమిరాడు.

వెళ్లొస్తామని ముగ్గురూ లేచారు. రామాంజనేయులు తలుపుకు అడ్డంగా నిలబడి, చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకున్నాడు.

“ఇంతకీ శవాన్ని యాడ పెట్టినారు?”