తొంభై ఒకటో రోజు

"తొంభై కాదు సార్. తొంభై ఒకటి."

ఫారంలో రాసిన అంకె మీద వీసా ఏజెంటు పెన్ను మొన ఆనించి ఆగాడు. ఎల్లుండి ఇన్‌స్పెక్టరు భార్య విమానం దిగగానే చూపించాల్సిన కాగితం అది. దేశం బయట ఎన్ని రోజులు ఉన్నదీ అందులో రాయాలి. తొంభై దాటకూడదు.

"నా లెక్క తప్పా?" ఇన్‌స్పెక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

ముప్పై నాలుగేళ్లు తూనికలు కొలతల శాఖలో చేసి రిటైరైన మనిషి. దుకాణాల వాళ్లు చాటుగా గ్రాముల సారు అనేవాళ్లు. అది తిట్టు అని ఆయనకెవరూ చెప్పలేదు. ఇంట్లో పంచదార డబ్బాకీ గీత గీసేవాడు. సాయంత్రానికి పంచదార గీత దిగితే భార్య సంజాయిషీ చెప్పాలి.

"జూన్ ఒకటిన చెల్లెలింటికి వెళ్లింది. రెండు నుంచి లెక్క. జూన్‌లో ఇరవై తొమ్మిది, జూలైలో ముప్పై ఒకటి, ఆగస్టు ముప్పైన దిగుతుంది. ఎంతయింది?"

"వెళ్లిన రోజూ లెక్కేనండీ."

"విమానం కదిలింది రాత్రి పదకొండున్నరకయ్యా! అరగంటని రోజంటావా?"

"నేననను సార్, రూలు అంటుంది. అర నిమిషమైనా రోజే. అమ్మగారికి అప్పుడే చెప్పా..."

"దానికేం తెలుసు! కాఫీలో ఎన్ని చెంచాలు వేసిందో అడిగితే నీళ్లు నములుతుంది. దాన్నెందుకు తెస్తావు మధ్యలోకి?"

ఏజెంటు పాత అంకె కొట్టేసి తొంభై ఒకటి రాశాడు.

"సరే, ఒకటి ఎక్కువైంది. ఏం చేస్తారు? జరిమానా కట్టమంటారా?"

"జరిమానా లేదండీ. నివాస కార్డులు రద్దు. ఇద్దరివీ."

ఇన్‌స్పెక్టరు చెయ్యి జేబు మీదికి పోయింది. ఈ దేశంలో స్థిరపడాలంటే ఇంత పెన్షన్ ఉండాలని ఒక గీత ఉంది. ఆయన పెన్షన్ దాన్ని అందుకోలేదు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసిన భార్యది అందుకుంది. అందుకని అసలు కార్డు ఆవిడది. ఆయన కార్డు మీద, ఫొటో కింద, 'భార్యపై ఆధారపడినవారు' అని ఉంటుంది. ఎవరైనా అడిగితే ఆ అక్షరాల మీద బొటనవేలు వేసి చూపిస్తాడు.

"రద్దయితే?"

"అమ్మగారికి పెన్షన్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. విజిటర్‌గా దిగి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీరు మాత్రం పదిహేను రోజుల్లో దేశం దాటాలి. ఆవిడ కొత్త దరఖాస్తులో మీ పేరు రాస్తేనే తిరిగొచ్చేది."

దాటి ఎక్కడికి పోవాలి? ఉన్న ఇల్లు అమ్ముకుని వచ్చాడు. తమ్ముడితో మాటల్లేవు. బావమరిది గుమ్మం తొక్కనని నలుగురిలో అని వచ్చాడు. ఇప్పుడు ఆయనకంటూ మిగిలింది ఇక్కడి మూడో అంతస్తులో రెండు గదులు, బాల్కనీలో ఒక కుర్చీ.

వరండాలోకి వచ్చి ఫోన్ చేశాడు.

"ఏమే, టికెట్టు మార్చు. రేపు రాత్రిలోపు నువ్విక్కడ దిగాలి."

"రేపటికి సీట్లు లేవండీ. పైగా చెల్లెలి తుంటికి రేపే ఎక్స్‌రే తీస్తామన్నారు."

"తుంటీ లేదు, తుంపరా లేదు! రోజు దాటితే కార్డులు పోతాయి. తెలుస్తోందా?"

"ముప్పయ్యో తారీఖు చాలని మీరే కదండీ లెక్కేసింది? క్యాలెండర్లో సున్నా కూడా చుట్టారు. మీ లెక్క తప్పుతుందని నేనెట్లా అనుకుంటాను?"

చుట్టిన మాట నిజమే. చుట్టి, "తొంభై. ఒక్కరోజు దాటిందా, ఇక అక్కడే ఉండిపో" అన్న మాటా నిజమే. ఆవిడ తలూపి పెట్టె సర్దుకుంది. వెళ్లే ముందు స్టూడియోకి పోయి ఫొటోలు దిగొచ్చింది. "ఈ వయసులో ఫొటోలెందుకు, దండ వేయించుకోడానికా?" అన్నాడు.

"తప్పు నాదే," అన్నాడు. నలభై ఒక్కేళ్ల కాపురంలో ఆ మాట రావడం అదే మొదలు. చేప ముల్లులా గొంతు గీరుకుంటూ వచ్చింది.



"పోనీలెండి. పంచదార ఉందా ఇంట్లో?"

"ఉంది."

"ఆ డబ్బా మీద గీత తుడిచెయ్యండి. ఇంక దాంతో పని లేదు."

ఫోన్ పెట్టేసింది. ఆయన గోడకి చేరగిలబడ్డాడు. ఎన్నాళ్లకి మెత్తగా మాట్లాడింది! తన లెక్క తప్పి దాని కార్డూ పోతుంటే పల్లెత్తు మాట అనలేదు. ఈసారి వచ్చాక డబ్బా వైపే చూడకూడదనుకున్నాడు. ఎయిర్‌పోర్టుకి తనే వెళ్లి పెట్టె మోయాలనుకున్నాడు.

లోపలికి వచ్చి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఏమయ్యా, కొత్త దరఖాస్తు ఫారాలు తియ్యి. ఇద్దరివీ నేనే నింపుతాను. ఎల్లుండి ఆవిడ దిగేసరికి సంతకం ఒక్కటే మిగలాలి. ఫొటోలంటావా, వెళ్లే ముందు దిగినవి ఇంట్లో ఉండే ఉంటాయి."

ఏజెంటు పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

"ఏం, ఫారాలు అయిపోయాయా?"

"ఉన్నాయి సార్."

వంగి కింది సొరుగు లాగాడు. పల్చటి ఫైలొకటి తీసి బల్ల మీద బోర్లా పెట్టి, దాని మీద చెయ్యి ఆనించాడు. ఆయన మొహంలోకి చూడకుండా చెప్పాడు.

"అమ్మగారు మే నెలలోనే నింపి సంతకం పెట్టి వెళ్లారండీ, తన ఒక్కరి పేరుతోనే."