ఆ ఒక్క మాట తప్ప

“ఏమండీ, కాస్త నీళ్ళిస్తారా?” అన్నాడు ఫోర్‌మన్, తన భార్య వైపు చూసి.

సోఫాలో కాఫీ తాగుతున్న ఆయన అక్కగారికి పొలమారింది.

“విన్నావా అమ్మాయ్! నేనొచ్చినప్పట్నుంచీ ఇదే వరస. వీడు పెళ్ళాన్ని ‘ఏమండీ’ అనడమేమిటి? ఇన్నేళ్ళ కాపురంలో ఎదురుగా ఉంటే ‘ఏమే’, లేకపోతే ‘అది’. ఇంకో పిలుపు వీడి నోట ఎప్పుడైనా విన్నామా? మా తమ్ముడి బుర్రకి దెబ్బ గట్టిగానే తగిలింది.”

మాటల డాక్టరమ్మ ఇబ్బందిగా నవ్వింది. ఆ పేరు ఆ ఇంటివాళ్ళు పెట్టింది. నిజానికి ఆమె స్పీచ్ థెరపిస్టు. పక్షవాతంతో మాట పోయినవాళ్ళకి మళ్ళీ మాట్లాడడం నేర్పడం ఆమె పని. ఫోర్‌మన్ ప్రెస్సులో అచ్చు యంత్రాల మధ్య బతికిన మనిషి. ఆ రొద మీద అరిచీ అరిచీ, ఇంట్లోనూ అదే గొంతు వాడేవాడట. అలాంటివాడు ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో చెంచా చూపిస్తే తాళం అన్నాడు. తాళం చూపిస్తే ఏ మాటా రాక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇప్పుడు పేపరు పైకి చదివి, మంత్రుల్ని తిడుతున్నాడు కూడా. ఇవాళ్టితో ఆమె పని అయిపోయినట్టే.

“అయిపోయిందని చేతులు దులుపుకోకు,” అంది అక్కగారు. “మా వాణ్ణి ఎలా ఉండేవాడో అలా చేసి అప్పజెప్పాలి. నలుగురిలో పెళ్ళాన్ని అండీ అంటుంటే నాకు తల కొట్టేసినట్టుంది.”

పని సగంలో వదలడం డాక్టరమ్మకీ ఇష్టం లేదు. కుర్చీ ముందుకి లాక్కుంది.

“బాబాయిగారూ, నేను చెప్పినట్టే మీరూ చెప్పండి. ఏమే, కాఫీ ఇస్తావా?”

“ఏమండీ, కాఫీ ఇస్తారా?”

“అలా కాదు. విడదీసి చెబుదాం. ఏ... మే...”

“ఏ... మం... డీ,” అన్నాడాయన బుద్ధిగా.

అక్కగారు నెత్తి కొట్టుకుంది. ఫోర్‌మన్ భార్య మాత్రం ఇటు తిరగకుండా కిటికీ తెర సర్దుతోంది. అది అంతకుముందే రెండుసార్లు సర్దిన తెర.

ఇంతలో ఇంటి పిల్లి వచ్చి ఫోర్‌మన్ ఒళ్ళోకి ఎక్కింది.

“ఏమే, ఎక్కడ తిరిగొస్తున్నావే?” అన్నాడాయన దాని మెడ గోకుతూ.

డాక్టరమ్మ ఉలిక్కిపడింది. మాటే పోయి ఉంటే పిల్లి దగ్గరా పోవాలి కదా! పిల్లికి వచ్చిన పిలుపు పెళ్ళాం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు రావడం లేదు? అడుగుదామని తల తిప్పేలోగా ఫోర్‌మన్ భార్య వంటింట్లోకి జారుకుంది. డాక్టరమ్మ వెనకే వెళ్ళింది.

“పిన్నిగారూ, నిజం చెప్పండి. ఏం చేశారు?”

“నేనేం చేశానమ్మా? ఇంట్లో కూడా మాటలు నేర్పుతూ ఉండమని నువ్వే కదా అన్నావు. నేర్పాను. చెంచా చూపించి చెంచా అన్నాను. దువ్వెన చూపించి దువ్వెన అన్నాను.” ఆవిడ గొంతు తగ్గించింది. “నన్ను చూపించుకుని ఏమండీ అన్నాను.”

డాక్టరమ్మకి నవ్వు తన్నుకొచ్చింది. హాల్లోకి వినపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“నవ్వకు తల్లీ. ఎలాగూ మొదట్నుంచీ నేర్పాలి కదా, నాకు కావలసినట్టు నేర్పుకుంటే తప్పేమిటి? ‘ఏమే’ అన్న ఆ కేక వింటే చాలు, చేతిలో ఉన్నది జారి కింద పడేది నాకు. ఇప్పుడు ఏమండీ అని పిలుస్తుంటే, ఇంకోసారి పిలుస్తారని పలక్కుండా కూర్చుంటున్నాను.” ఆవిడ కళ్ళు తుడుచుకుంది. “అన్నీ బాగుచేశావు. చల్లగా ఉండు. ఆ ఒక్కటీ వదిలెయ్యి. పాత పిలుపు గుర్తొచ్చిందంటే పాత మనిషే తిరిగొస్తాడు.”

తను చదివిన చదువు ప్రకారం ఇది తప్పు. కానీ ఆవిడ ముఖం చూస్తుంటే డాక్టరమ్మకి జాలీ, సంతోషం ఒక్కసారే కలిగాయి. చదువుని కాసేపు పక్కన పెట్టి హాల్లోకి వచ్చింది. ముఖం వీలైనంత గంభీరంగా పెట్టింది.

“పెద్దమ్మగారూ, మీ తమ్ముడి మెదడులో ఆ ఒక్క నరం దారి మార్చుకుంది. దాన్ని కదిపామా, వచ్చిన మాటలు కూడా పోతాయి. ఇకమీదట ఆ పిలుపు గురించి ఆయన్ని ఎవరూ విసిగించకూడదు.”

“పోయి పోయి ఆ నరమే దొరికిందా!” అక్కగారు ఉసూరుమంటూ మళ్ళీ కాఫీ అందుకుంది.

ఫోర్‌మన్ చేతికర్ర పట్టుకుని డాక్టరమ్మని సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చాడు.

“వెళ్ళొస్తాను బాబాయిగారూ. ఇక మీ మాటకి ఢోకా లేదు.”

ఆయన తలూపాడు. వంటింట్లో కుళాయి చప్పుడవుతోంది. అటు ఒకసారి చూసి, డాక్టరమ్మ చెవి దగ్గరికి వంగాడు.

“నాకన్నీ గుర్తున్నాయని దానికి చెప్పకమ్మా!”