విడిచిన చొక్కా

ఉతికిన బట్టలన్నీ తీగ మీద అలాగే ఉన్నాయి. పొట్టేలు దొడ్డి కమ్మీకి తగిలించిన భర్త మాసిన చొక్కా మాత్రం లేదు.

మొదటిసారి గాలికి పోయిందనుకుంది ఆమె. మూడోసారి భయం పట్టుకుంది.

"దొంగైతే ఉతికినవి పట్టుకెళ్తాడు గానీ, విడిచిన చొక్కా వాడికెందుకే పిల్లా?" అంది పక్కింటి అత్త. "మీరంటే గిట్టనివాళ్లెవరో చేతబడి చేయిస్తున్నారు."

భర్త పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే షెడ్డులో పనిచేస్తాడు. ఆ జీతం అంతంతమాత్రం. ఇల్లు గడిచేదంతా గొర్రెల మందలకు దాటించి డబ్బు తీసుకునే విత్తనపు పొట్టేలు మీదే.

ఈమధ్య అది దాటిన గొర్రె ఒక్కటీ చూలు కట్టడం లేదు. మందలవాళ్లు మొహం చాటేస్తున్నారు.

పెళ్లయి ఇన్నేళ్లయినా తన కడుపూ పండలేదు. రెండూ కలిపి ఆలోచిస్తే ఆమెకు ముద్ద దిగడం లేదు.

ఆదివారం పొద్దున దొంగ దొరికాడు.

బక్కచిక్కిన ముసలాయన. పళ్లు సగం లేవు. చొక్కా పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి.

ఆమె గుర్తుపట్టింది. అంతకుముందోసారి గుమ్మం ముందు నిలబడి ఏదో నసిగితే, బిచ్చగాడనుకుని తనే పంపేసింది.

"ఎవడు పంపాడు నిన్ను?" భర్త అతని మెడ పట్టుకున్నాడు.

ముసలాయన చొక్కాతోనే పొట్టేలు వైపు చూపించాడు.

"ఇది... ఇక్కడ పెట్టకండి. దానికి పిల్లలు పుట్టవు." ఆమె వైపు తిరిగాడు. "మీకూ పుట్టరమ్మా."

ఆమె చెవులు మూసుకుంది.

భర్త చెయ్యి లేచింది. రెండు దెబ్బలకే ముసలాయన కూలబడ్డాడు. మెల్లగా లేచి వెళ్లిపోయాడు.

మళ్లీ చొక్కాలు పోలేదు. కానీ పొట్టేలు మేత మానేసింది. అతని శాపమే తగిలిందనుకుంది ఆమె.

పశువుల డాక్టరు రక్తం పరీక్షకు పంపాడు. ఫలితం రాగానే తనే దొడ్డికి వచ్చాడు.

"దీని ఒంట్లో సీసం చేరింది. మగవాటిలో అది వీర్యాన్ని దెబ్బతీస్తుంది. దాటినా చూలు నిలవదు. ఏం పెడుతున్నారు దీనికి?"

"గడ్డి, తవుడు. అంతే సార్."

కమ్మీకి తగిలించిన చొక్కాను పొట్టేలు ఆబగా నాకుతోంది. డాక్టరు అటే చూస్తున్నాడు.

"చెమట ఉప్పగా ఉంటుంది కదండీ. దానికది అలవాటు," అంది ఆమె.

"ఉప్పుతోపాటు షెడ్డు దుమ్ము కూడా మింగుతోంది." డాక్టరు భర్త వైపు తిరిగాడు. "రేపే నువ్వూ రక్తం చూపించుకో. మనుషులకైనా ఇంతే."

ఆమెకు ముసలాయన మాటలు గుర్తొచ్చాయి. అది శాపం కాదు, జాగ్రత్త చెప్పడం.

అడుగుతూ అడుగుతూ అతని ఇల్లు పట్టుకున్నారు. గుమ్మంలో తల నెరిసిన ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది.

"అమ్మా, మీ ఆయన మీద చెయ్యి చేసుకున్నాను." భర్త చేతులు జోడించాడు. "తప్పయిపోయింది. ఒక్కసారి పిలవండి."

"మొన్ననే పోయాడు బాబూ. కిడ్నీలు చెడిపోయాయన్నారు."

ఆవిడ అతని చేతులకు అంటిన షెడ్డు మసిని చూసింది.

"నీకు ముందు ఆ షెడ్డులో సీసం బట్టీ దగ్గర పనిచేసింది వాడే," అంది. "మా ఆయన కాదు బాబూ, నా కడగొట్టు కొడుకు. ముప్పై అయిదు కూడా నిండలేదు."