చప్పుడు చేయని వీరులు

గరిటె కింద పడింది.

అంతే! లోపలున్న పదిహేనుమందికీ గుండె ఆగినంత పనైంది. కెప్టెన్ కళ్ళెర్రజేశాడు. వంటవాడు గబగబా రెండు చెవులూ పట్టుకున్నాడు.

అక్కడ గిన్నెల అడుగున గుడ్డలు కట్టారు. వేపుళ్ళు బంద్. తుమ్మొస్తే దిండులో మొహం పెట్టి తుమ్మాలి. ఎండ మొహం చూసి ఎన్నాళ్ళైందో ఎవరికీ గుర్తు లేదు.

ఓ మూల ఇనుప గొట్టానికి చెవి ఆనించి ఒకాయన కూర్చునుంటాడు. అందరూ ఆయన్ని చెవులాయన అంటారు. ఆయన చెయ్యెత్తాడంటే ఎవరూ ఊపిరి కూడా తీయకూడదు.

ఇప్పుడు ఎత్తాడు. పైన ఇంజను చప్పుడు.

"పెద్దదే. మాంచి బరువుతో పోతోంది," అని గొణిగాడు.

చప్పుడు మెల్లగా దూరమైంది. అందరూ చెమటలు తుడుచుకుని రేడియో చిన్నగా పెట్టారు.

"మన జలాంతర్గామి ఇవాళ మరో రెండు శత్రునౌకల్ని ముంచేసింది! దాన్ని పట్టుకోవడానికి శత్రు నౌకాదళమంతా సముద్రాన్ని జల్లెడ పడుతోంది. మన రేవు మీదికి రావడానికి వాళ్ళకి తీరికే లేదు!"

అందరూ చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టారు. వంటవాళ్ళకి ఏ యుద్ధమైనా రేడియోలోనే కదా వినిపించేది! ఆ ఓడలు మునిగాయన్న వేళకి మన వంటవాడు గిన్నెలు తోముతున్నాడు. అయినా అతని మనసు ఓడల మీద లేదు.

"మా ఆవిడకి నెలలు నిండాయి సార్. తొలి కాన్పు. ఇంట్లో మా అత్త ఒక్కతే, ఆవిడకేమో చెవుడు. ఒక్క కబురు తెప్పించండి సార్!"

"మతి గానీ పోయిందా? మనం ఎక్కడున్నామో శత్రువుకి తెలిసిందంటే యుద్ధం గోవిందా!" అన్నాడు కెప్టెన్.

ఇంజనీరు కిసుక్కున నవ్వాడు. "పుట్టేవాళ్ళెవరైనా సరే, ఏడవొద్దని చెప్పించు. యుద్ధ రహస్యం."

"మా ఆవిడ కడుపున పుట్టి చప్పుడు చేయకుండానా!" అన్నాడు వంటవాడు. అంటూనే బావురుమన్నాడు.

చెవులాయన కంగారుగా రెండు చేతులూ ఎత్తేశాడు. ఇంజనీరు నవ్వు ఆపేసి తువ్వాలుతో వంటవాడి నోరు మూయబోయాడు. అతను దాన్ని లాగి పారేశాడు.

"నాకు మీ యుద్ధమూ వద్దు, మీ పతకమూ వద్దు! మా ఆవిడ బతికుందో లేదో తెలియాలి నాకు. లేదంటే అరుస్తాను. ఇప్పుడే, ఇక్కడే అరుస్తాను!"

"నీకు దణ్ణం పెడతాను, అరవకురా నాయనా!" అన్నాడు కెప్టెన్. ఆయనా పిల్లలు గలవాడే. తన దుప్పటి తీసి వంటవాడి భుజాన వేసి, చెవిలో చెప్పాడు.

"ఇది ముసుగేసుకుని, ఈ నేలమాళిగ మెట్లెక్కి, వీధి చివరున్న మీ ఇంటికెళ్ళి ఓసారి చూసొచ్చెయ్ గానీ, మన జలాంతర్గామిని యుద్ధానికి ముందే పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారని మాత్రం మీ ఆవిడతో కూడా అనకు."