పిల్లి కన్నం

ఆ ఏడు అనకాపల్లిలో దొంగలు మరపిల్లులను వదిలారు. అవి ఏ ఇంటికి వెళ్తే అచ్చం ఆ ఇంటి పిల్లిలాగే వచ్చి, తలుపు కింది కన్నంలోంచి దూరి, లోపలి గడియ తీసేవి. కాపలా కాసే మాట్లాడే తలుపులు కూడా తేడా పట్టలేకపోయాయి.

“కన్నం మూసెయ్యండి పిన్నిగారూ. లేదంటే పిల్లిని ఎవరికైనా ఇచ్చెయ్యండి,” అన్నాడు తలుపుల మెకానిక్ అప్పలనాయుడు.

“రెండూ చెయ్యను,” అంది దర్జీ హైమావతి.

మూడు రోజులు అరుగు మీద బట్టలు కుడుతూ తన పిల్లి బుజ్జమ్మను గమనించింది. నాలుగో రోజు తలుపుకు చెప్పింది: “పిల్లి కనబడితే పేరు పెట్టి పిలువు. పరుగెత్తుకొస్తే కన్నం తెరవకు.”

మధ్యాహ్నం అప్పలనాయుడు ఉండగానే రెండు బుజ్జమ్మలు వచ్చాయి. తలుపు పిలిచింది. ఒకటి పరుగున వచ్చింది. కన్నం తెరుచుకోలేదు. రెండోది గోడ మీద కాలు నాక్కుంటూ కూర్చుంది.

“మరి మీ పిల్లి లోపలికి ఎప్పుడొస్తుంది?”

“దానికి బుద్ధి పుట్టినప్పుడు,” అంది హైమావతి, మరపిల్లిని గోనెసంచిలో మూటకడుతూ.