గేటు దాటని సంచి

ఇలా దగ్గరికి జరగండమ్మా, గట్టిగా చెప్పే సంగతి కాదు. ఆ పొద్దున కాసులమ్మ తన బడ్డీలో ఇడ్లీలు పెట్టడం మానేసి, ఎదురుగా ఎగుమతి కంపెనీలుండే జోన్ గేటు వైపే చూస్తోంది. అనకాపల్లి నుంచి కంపెనీ బస్సు వచ్చింది. మిషన్ల మీద బట్టలు కుట్టే ఆడపిల్లలు వరసగా దిగారు. అందరి వెనక బిందుమాధవి దిగి, చేతిలోని పసుపు సంచిని ముందురోజులాగే గేటు కాసే నానాజీకి ఇచ్చింది. అతను నవ్వుతూ అందుకుని తన గదిలో దాచాడు.

ఆ నానాజీ కాసులమ్మ మొగుడే.

ఆ జోన్ పద్ధతి వేరు. లోపలికి పోయే ప్రతి సరుకుకీ కస్టమ్స్ అనుమతి ఉండాలి. కొత్త గుడ్డ ఎవరూ చేత్తో పట్టుకెళ్లకూడదు. సాయంత్రం బయటికొస్తుంటే అది ఇంటిదో కంపెనీదో ఎవరు తేల్చగలరు? నానాజీ ఎంత కచ్చితమంటే, సొంత మేనకోడలి కొత్త తువ్వాలు కూడా వెనక్కి పంపేశాడు.

అందుకే కాసులమ్మ కడుపు మండింది. ముందురోజు అడిగింది కూడా.

"ఆ సంచిలో ఏటుంది మావా?"

"గుడ్డ. బస్సులో కుట్టుకుంటాది. లోనికి ఎల్లదు కదా, నా దగ్గరెట్టుకున్నాను."

"మిగతావోళ్ల గుడ్డలెందుకు ఎట్టుకోవు? అందరికీ రూలు, దానికి మాత్రం నవ్వా?"

నానాజీ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచీ ఆవిడకి ఏ పనీ తోచలేదు. దండెం మీది పాత ఆకుపచ్చ జాకెట్టు కనపడకపోతే చెల్లెలు పట్టుకుపోయిందని తిట్టిపోసింది. ఉప్మాక గుడిలో దేవుడి కల్యాణానికి ఏం కట్టుకుంటావని మొగుడు ఒక్క మాట అడగలేదని ఏడ్చింది.

మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని గేటు గదికి వెళ్లింది. అనుమతి లేని రంగు డబ్బాలతో లారీ వచ్చిందని నానాజీ అటు పరుగెత్తాడు. కాసులమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. పైనే ఎర్ర పట్టు జాకెట్టు, చేతులకి జరీ అంచు. చేతికుట్టు ఇంకా సగంలో ఉంది, సూది గుచ్చే ఉంది.

నాకు నూలు గుడ్డకి దిక్కు లేదు, దానికి పట్టు జాకెట్టా అనుకుంది. బల్ల మీద అట్టపెట్టెల తాళ్లు కోసే కత్తెర ఉంది. మెడ నుంచి కిందదాకా కోసి పారేసింది.

తలెత్తేసరికి గుమ్మంలో నానాజీ.

"కోసీసేవా?" అన్నాడు మెల్లగా.

"ఏం, దాని జాకెట్టని బాధా?"

"సంచి బోర్లించి సూడు."

మీ కోడళ్లకీ ఆడపడుచులకీ ఈ సంగతి చెప్పేటప్పుడు మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు. ఆ సంచిలోంచి ఏం రాలిందో అది మాత్రం గుర్తుపెట్టుకుని చెప్పండి.

కొలతల కోసం నానాజీ ఆదికిచ్చిన కాసులమ్మ పాత ఆకుపచ్చ జాకెట్టు.